తూరియా నది వెంట పైకి: అల్బరసీన్‌లో మూడు రాత్రులు

"ఇన్ని వంతెనలు ఉండాయి, కింద నీళ్లేవమ్మా?"

స్పెయిన్‌లోని వలెన్సియాలో దిగిన మొదటి సాయంత్రం నాన్న అడిగిన ప్రశ్న ఇది. మా ప్రయాణానికి దారి చూపించింది కూడా ఇదే.

నేను జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలది అనంతపురం. నాన్న నీటిపారుదల శాఖలో రిటైరయ్యారు. చివరి ఏళ్లు హంద్రీ-నీవా కాలువ పనుల్లోనే గడిచాయి. దారిలో కాలువ కనిపిస్తే కారు ఆపించే మనిషి. అలాంటాయనకు ఊరి మధ్య నది ఉండాల్సిన చోట చెట్లు, సైకిల్ దారులు, ఫుట్‌బాల్ మైదానాలు కనిపిస్తే ఊరుకుంటారా?

అది తూరియా నది పాత పాయ. 1957 అక్టోబరు 14న వచ్చిన వరదలో వలెన్సియాలో కనీసం 81 మంది చనిపోయారు. ఆ తర్వాత నదినే ఊరికి దక్షిణంగా తవ్విన కొత్త పాయలోకి మళ్లించారు. ఖాళీ అయిన పాత పాయను దాదాపు 9 కిలోమీటర్ల తోటగా మార్చారు. 2024 అక్టోబరు 29న మళ్లీ ఘోరమైన వరద వచ్చింది. అప్పుడు నగరం నడిబొడ్డును కాపాడింది ఈ కొత్త పాయే. దానికి అవతల ఉన్న ఊళ్లు మాత్రం మునిగిపోయాయి, రెండు వందల మందికి పైగా పోయారు. ఈ సంగతి తెలిశాక ఆ తోటలో నడక ముందులా అనిపించలేదు.

మర్నాడు గురువారం. మధ్యాహ్నం 12 గంటలకు కెథడ్రల్ వాకిట్లో జరిగే నీళ్ల పంచాయితీ చూడ్డానికి వెళ్లాం. తూరియా నీళ్లు వాడుకునే కాలువల రైతులు తమలోంచి ఎన్నుకున్న పెద్దలు నల్ల అంగీలు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. బంట్రోతు ఒక్కో కాలువ పేరు పిలిచి ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. రాతకోతలు లేవు, వకీళ్లు లేరు, అంతా నోటిమాట మీదే. అరబ్బుల ఏలుబడి నాటి నుంచి వస్తున్న ఈ పద్ధతిని యునెస్కో 2009లో గుర్తించింది. ఆ రోజు ఫిర్యాదులేమీ లేవు, అయిదు నిమిషాల్లో ముగిసింది. అమ్మకు ఇంతేనా అనిపించింది. నాన్న మాత్రం చాలాసేపు అక్కడే నిలబడ్డారు. కాలువ చివరి రైతుకు నీళ్లందక జరిగే గొడవలు ఆయన ముప్పై ఏళ్లు చూశారు.

"ఈ నది యాడ పుడుతుందో పోయి చూద్దామా?" అన్నారు. నిజానికి అల్బరసీన్ అనే కొండ ఊరు నా లిస్టులో ముందే ఉంది. తూరియా పుట్టేది ఆ కొండల్లోనే అని చెప్పగానే ఇక ఆలోచించలేదు.

వలెన్సియాలో కారు అద్దెకు తీసుకున్నాం. కారు లేకుండానూ వెళ్లొచ్చు. జిల్లా కేంద్రం తెరువెల్ దాకా రైలు ఉంది, అక్కడి నుంచి అల్బరసీన్‌కు బస్సు కూడా ఉంది. కానీ ఆ బస్సు రోజుకు ఒక్కటే. వయసైన వాళ్లతో వెళ్తే, చుట్టుపక్కల కొండలు కూడా చూడాలనుకుంటే కారు తప్పదు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇంటి దగ్గరే తీసుకుని రావాలి. దారి బాగుంది, టోల్ లేదు. సముద్రమట్టం నుంచి బయల్దేరిన రోడ్డు నారింజ తోటల మధ్య నుంచి ఎక్కుతూ ఎక్కుతూ 1,200 మీటర్లు దాటిన కనుమ మీదుగా తెరువెల్ చేరుతుంది. రెండు గంటల్లో ఎండాకాలంలోంచి చలికాలంలోకి వచ్చినట్టుంటుంది. అక్టోబరు నెలాఖరులో మేం స్వెటర్లు తీయాల్సి వచ్చింది.

తెరువెల్‌కు సగం రోజు చాలు. ఇటుకల మధ్య ఆకుపచ్చ, తెలుపు పింగాణీ పలకలు పొదిగిన గోపురాలను తప్పకుండా చూడాలి. క్రైస్తవ రాజుల కింద బతికిన ముస్లిం మేస్త్రీల శైలి అది. ముదేహార్ అంటారు. 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1937 డిసెంబరు నుంచి 1938 ఫిబ్రవరి దాకా గడ్డకట్టే చలిలో ఈ ఊరి కోసం పోరాడి వేలమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు వీధులు ప్రశాంతంగా ఉన్నాయి, కొంచెం ఎక్కువ ప్రశాంతంగానే ఉన్నాయి. ఈ జిల్లా అంతటిలో చదరపు కిలోమీటరుకు తొమ్మిది మందే ఉంటారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 213 మంది. "తెరువెల్ కూడా ఉంది" అనే నినాదంతో ఇక్కడి జనం 1999 నుంచి ఉద్యమం చేస్తున్నారు. రైలు మార్గం కావాలి, ఆసుపత్రి కావాలి, మమ్మల్ని మరిచిపోవద్దు అన్నది వాళ్ల కోరిక. 2019లో పార్లమెంటులో ఒక సీటు కూడా గెలిచారు. నాన్న ఈ కథంతా విని, "మన సీమ మాదిరే" అన్నారు.

తెరువెల్‌లోనే సరుకులు కొనుక్కోండి. బియ్యం, కూరగాయలు, పాలు, పెరుగు అన్నీ. అల్బరసీన్‌లో చిన్న కొట్లే ఉన్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా, ఆదివారం కూడా మూసే ఉన్నాయి.

తెరువెల్ నుంచి అల్బరసీన్ 38 కిలోమీటర్లు. దారిలో హేయా అనే పల్లె దగ్గర ఆగాం. ఆ రోజు మేం ఎక్కువసేపు గడిపింది అక్కడే. రోమన్లు క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అల్బరసీన్ దగ్గర నది నుంచి సెల్యా అనే ఊరి దాకా 25 కిలోమీటర్ల కాలువ తవ్వారు. చాలా భాగం కొండలోనే సొరంగం. హేయా పక్కన లోయలో ఒక ముక్కలోకి మనం నడిచి వెళ్లొచ్చు. టికెట్టు లేదు, కాపలా లేదు. టార్చి తీసుకెళ్తే మంచిది, మా ఫోన్ వెలుతురు సరిపోలేదు. లోపల గోడల మీద ఉలి దెబ్బలు ఇంకా అలాగే కనిపిస్తాయి. లోయ వైపు, పైకప్పు వైపు అక్కడక్కడ రంధ్రాలున్నాయి. తవ్విన మట్టి బయటికి తోయడానికి, గాలి రావడానికి, తర్వాత పూడిక తీయడానికి.

నాన్న ఆ గోడను చేత్తో తడుముతూ వెళ్లారు. బయటికొచ్చాక మ్యాపు అడిగారు. ఆ నది తూరియా వైపు, అంటే వలెన్సియాకు పోతుంది. సెల్యా నీళ్లు హిలోకా అనే నదిలోకి, అక్కడి నుంచి ఎబ్రోలోకి పోతాయి.

"అంటే ఒక బేసిన్ నుంచి ఇంకో బేసిన్‌కు నీళ్లు మళ్లించినారు! రెండు వేల ఏళ్ల కింద! మన హంద్రీ-నీవా మాదిరే కదమ్మా. కృష్ణా నీళ్లు మనం పెన్నా కిందికి తెచ్చుకున్నట్టు."

ఆ తర్వాత అమ్మకు వాలు లెక్క గురించి పావుగంట చెప్పారు. మట్టం చూసే మరలు లేని రోజుల్లో సొరంగం రెండు వైపుల నుంచి తవ్వి మధ్యలో కలపడం ఎంత కష్టమో వివరించారు. ఆయన్ని ఇంత సంతోషంగా చూసి చాలా రోజులైంది. గైడు పుస్తకాలన్నీ అల్బరసీన్ గురించి పేజీలు పేజీలు రాసి ఈ కాలువకు రెండు లైన్లు పడేస్తాయి. నా మాట వినండి, ఒక గంట కేటాయించండి.

అక్కడ ఆలస్యమై ఊరు చేరేసరికి చీకటి పడింది. బస గురించి నాకు చేదు అనుభవం ఎదురైంది కూడా అప్పుడే.

కోట గోడల లోపల, పై వీధిలో ఒక పాత ఇల్లు ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. రాత్రికి 90 యూరోలు. కారు ఇంటి గుమ్మం దాకా వస్తుందని రాసి ఉంది. రాదు. ఆ వీధుల్లో చాలాచోట్ల ఇద్దరు పక్కపక్కనే నడవడమే కష్టం. కింద నది పక్కన కారు పెట్టి, చలిలో, గుండ్రాళ్లు పరిచిన ఏటవాలు సందుల్లో మూడు సూట్‌కేసులు మోసుకుంటూ ఎక్కాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. సగం దారిలో ఒక మెట్టు మీద కూర్చుండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇంటి లోపల మళ్లీ నిటారుగా చెక్కమెట్లు, బాత్రూం కింద, పడక పైన. ఇల్లు మాత్రం నిజంగా అందంగా ఉంది. దూలాలు, చిన్న కిటికీ, కిటికీలోంచి లోయ. కుర్రవాళ్లయితే వీపు సంచులతో వచ్చి ఆ ఇంట్లో హాయిగా ఉండొచ్చు. పెద్దవాళ్లతో మాత్రం వద్దు. బుక్ చేసే ముందు ఓనరుకు మెసేజ్ పెట్టి, పార్కింగ్ నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలో అడగండి. నేను అడగలేదు.

మర్నాడే ఖాళీ చేసి, కింద నది ఒడ్డున ఉన్న పేటలో ఒక గెస్ట్‌హౌస్‌కు మారాం. మిగతా రెండు రాత్రుల డబ్బులో సగమే వెనక్కి వచ్చింది. కొత్త చోట రెండు గదులకు కలిపి రాత్రికి 110 యూరోలు, ఉదయం టిఫిన్‌తో సహా. వెచ్చగా, శుభ్రంగా ఉంది, కారు పక్కనే. అరవై ఏళ్ల ఆవిడ ఒక్కరే నడుపుతున్నారు. ఇంగ్లీషు రాదు. ఇద్దరం ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. అమ్మ మాంసం, చేప, గుడ్డు తినదని చెప్పగానే తన వంటగది చూపించి, కావలసింది వండుకోమన్నారు.

ఇక ఊరు. 1,170 మీటర్ల ఎత్తు, పంచాయతీ మొత్తం కలిపినా వెయ్యి మంది. గ్వాదలవియార్ నది మెలిక తిరిగి ఊరిని దాదాపు మూడు వైపులా చుట్టేస్తుంది. ఆ మెలిక మధ్య మిగిలిన రాతి గుట్ట మీద ఊరు, ఊరి కింద సొరంగంలో ఇప్పటి రోడ్డు. తూరియా ఏదని కదా వచ్చాం? ఇదే. తెరువెల్ దగ్గర అల్ఫాంబ్రా నదిని కలుపుకున్నాక దానికి తూరియా అని పేరు. పైన మాత్రం గ్వాదలవియార్, అరబ్బీలో తెల్ల వాగు అని అర్థం. మేం వెళ్లినప్పుడు ఒడ్డు పొడవునా పోప్లర్ చెట్లు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. నది ఒడ్డున చెక్క దారులు, వేలాడే వంతెనలతో ఒక కాలిబాట ఉంది. అమ్మ పెద్దగా అలసిపోకుండా నడిచింది.

ఊరి పేరు బనూ రజీన్ అనే బెర్బెర్ వంశం నుంచి వచ్చింది. కార్డోబా ఖలీఫాల రాజ్యం ముక్కలైనప్పుడు, 11వ శతాబ్దం మొదట్లో, ఈ కొండల్లో వాళ్లు చిన్న రాజ్యం నిలబెట్టారు. 1104లో ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిదులు దాన్ని ఆక్రమించారు. అక్కడితో అయిపోలేదు. 1170 ప్రాంతంలో ముర్సియా ముస్లిం రాజు దీన్ని అసాగ్రా అనే క్రైస్తవ కుటుంబం చేతికి ఇచ్చాడు. ఒక పక్క కాస్తీల్ రాజు, మరో పక్క ఆరగాన్ రాజు. ఇద్దరికీ ఈ కొండ కావాలి. అసాగ్రాలు ఇద్దరికీ తలవంచకుండా, మేము శాంతా మరియా మాతకే సామంతులం అని చెప్పుకుని వందేళ్లు గడిపారు. చివరికి 1284లో ఆరగాన్ రాజు మూడో పేద్రో ముట్టడించి పట్టుకున్నాడు, 1300 నుంచి పూర్తిగా ఆరగాన్‌లో కలిసిపోయింది. ఈ కథ గోడల మీద నిలబడి వింటే తేలిగ్గా అర్థమవుతుంది. చుట్టూ నది, లోయ, గుట్ట. రెండు పెద్ద రాజ్యాల నడుమ ఇంత చిన్న ఊరు ఎలా నిలిచిందో కళ్లకు కనిపిస్తుంది.

ఇళ్లన్నీ గులాబీ, ఎరుపు కలిసిన రంగు. ఇక్కడి కొండల్లో దొరికే జిప్సం రాయిని కాల్చి పొడి చేసి పూసే పూత అది. రాయిలోని ఇనుము వల్ల ఆ రంగు. కింద రాతి గోడ, పైన చెక్క చట్రం. కింద చోటు లేక పై అంతస్తులను ముందుకు పొడిగించుకుంటూ పోయారు. కొన్ని సందుల్లో ఎదురెదురు ఇళ్ల చూరులు దాదాపు తగులుతున్నాయి. మోలినా ద్వారం పక్కన హులియానెతా ఇల్లు అని ఒకటుంది. ఒక్క గోడా తిన్నగా లేదు, అయినా శతాబ్దాలుగా నిలబడింది. తలుపులకు బల్లి ఆకారంలో ఇనుప తట్టుళ్లు. అమ్మ ప్రతి తలుపు దగ్గరా ఆగింది.

ఊరంతా 1961 నుంచి రక్షిత కట్టడమే. దాన్ని నిలబెట్టింది మాత్రం ఆ కాగితం ఒక్కటే కాదు. 1996లో ఏర్పడిన శాంతా మరియా ఫౌండేషన్ కోట గోడలను, చర్చీలను, ఇళ్లను ఒక్కొక్కటిగా బాగు చేస్తూ వస్తోంది. అదే జిప్సం, అదే చెక్క, ఆ పని తెలిసిన స్థానికులే. బాగు చేసిన భవనాలను ఊరికే తాళం వేసి ఉంచకుండా బసలకు, శిక్షణ తరగతులకు వాడుతున్నారు. ఆ ఆదాయంతో మళ్లీ పని సాగుతుంది. వాళ్లే నడిపే గైడ్ టూరు తప్పకుండా తీసుకోండి. కెథడ్రల్, పాత కోట లోపలికి అలాగే వెళ్లాలి. స్పానిష్‌లోనే చెప్పారు, అయినా ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగింది. కెథడ్రల్ పక్క మ్యూజియంలో స్ఫటికంతో చెక్కిన ఒక చేప ఉంది, అర చేతిలో వెలుతురు పట్టుకున్నట్టుంటుంది. ఊరి పైన గుట్ట ఎక్కే కోట గోడ, దాని కొసన అందాదోర్ బురుజు చూడ్డానికి నేనూ నాన్నా వెళ్లాం. ఎక్కడానికి అరగంట, దారిలో రాళ్లు, పిట్టగోడలు లేవు. సాయంత్రం ఎండ పడితే ఊరంతా కాల్చిన ఇటుకలా మెరుస్తుంది.

శనివారం మధ్యాహ్నం మాత్రం బస్సుల్లో వచ్చిన జనంతో సందులు కిక్కిరిసిపోయాయి. అయిదయ్యేసరికి అందరూ వెళ్లిపోయారు. ఒక్కపూట వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లకు ఆ ఊరు అసలు కనిపించదని నాకు గట్టిగా అనిపించింది. కనీసం రెండు రాత్రులు ఉండాలి. వీలైతే శని, ఆదివారాలు కాకుండా.

తిండి సంగతి. మాంసం తినేవాళ్లకు ఇది మంచి చోటు. నాన్న గొర్రెపిల్ల మాంసం తిని మెచ్చుకున్నారు. పొడి చలిగాలిలో నెలల తరబడి ఆరబెట్టే తెరువెల్ పంది తొడ మాంసం, హమోన్, ఈ దేశమంతా ప్రసిద్ధి. మధ్యాహ్నం మూడు వంటకాల భోజనం మాకు మనిషికి 18 యూరోలు పడింది. రెండుకు ముందు వెళ్తే పెట్టరు, రాత్రి తొమ్మిదికి గానీ వంట మొదలవదు. శాకాహారులకు కష్టమే. సలాడ్‌లో చేప, పప్పు సూపులో పంది మాంసం ముక్కలు, వేయించిన రొట్టె ముక్కల్లో కూడా మాంసమే. మాంసం వద్దంటే చాలదు, హమోన్ వద్దు, చేప వద్దు అని విడివిడిగా చెప్పాలి. అమ్మ బయట తిన్నది టమాటా రుద్దిన రొట్టె, కాల్చిన మిరపకాయలు, ఇక్కడి గొర్రెపాల జున్ను. రాత్రుళ్లు అన్నం, పప్పు, తను తెచ్చుకున్న ఆవకాయ. అల్మొహాబనస్ అనే తీపి ఒకటి ఇక్కడి ప్రత్యేకం, అరబ్బుల కాలం నాటిదంటారు. అందులో గుడ్డు పడుతుందని అమ్మ తినలేదు, నాకు నచ్చింది.

ఆదివారం ఉదయం ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని పైన్ అడవికి వెళ్లాం. నేలంతా ఎర్ర ఇసుకరాయి గుట్టలు, 25 కోట్ల ఏళ్ల నాటివి. వాటి నీడన ఆదిమానవులు వేసిన బొమ్మలు. నవాసో అనే చోట తెల్లటి ఎద్దులు. ఎర్ర రాయి మీద కనిపించాలని కాబోలు, తెల్ల రంగు వాడారు. 1892లో బయటి ప్రపంచానికి తెలిశాయి, 1998 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. కంచె బయటి నుంచే చూడాలి, బాగా వెలిసిపోయాయి. కళ్లు అలవాటు పడేదాకా ఓపిగ్గా నిలబడితే ఒక్కో ఎద్దూ బయటికొస్తుంది. దారి సులువు. చెట్ల మానుల మీద జిగురు తీసిన పాత గాట్లు, వీపున పరుపులు మోసుకుంటూ బండలెక్కడానికొచ్చిన కుర్రాళ్లు.

మధ్యాహ్నం ఫ్రియాస్ పల్లె దాటి తాహో నది పుట్టే చోటికి వెళ్లాం. పెద్ద విగ్రహాలు పెట్టారు, అవి నాకు నచ్చలేదు. కానీ ఈ కొండల్లోనే ఒక పక్క పుట్టిన తాహో 1,007 కిలోమీటర్లు నడిచి లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో, మరో పక్క పుట్టిన మన నది 280 కిలోమీటర్లు నడిచి వలెన్సియా దగ్గర మధ్యధరాలో కలుస్తాయి. నాన్న ఆ గట్టు మీద నిలబడి రెండు చేతులూ రెండు వైపులా చాపి అమ్మకు చూపించారు. టైం తక్కువుంటే దీన్ని వదిలేయొచ్చు, ఎర్ర అడవిని మాత్రం వదలొద్దు.

ఆ రాత్రి గెస్ట్‌హౌస్ ఆవిడ టీ ఇస్తూ, ఇండియాలో ఏ ఊరని అడిగారు. హైదరాబాద్ దగ్గర అని చెప్పబోతుంటే నాన్న నేరుగా "అనంతపూర్" అన్నారు.

ఆవిడ కెటిల్ కింద పెట్టేశారు. "అనంతపూర్? విసెంతె ఫెర్రెర్?"

అనంతపురంలో ఆయన్ని ఎరగని మనిషి ఉండరు. బార్సిలోనాలో పుట్టి, 1969లో మా జిల్లాకు వచ్చి, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ పెట్టి, 2009లో అక్కడే కన్నుమూసిన ఫాదర్ ఫెర్రర్. బత్తలపల్లి ఆసుపత్రిలో అమ్మ చెల్లెలికి కాన్పు జరిగింది. ఆ సంస్థను స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా కొంత పంపి నడిపిస్తాయని తెలుసు గానీ, అలాంటి మనిషిని ఎదురుగా చూస్తామని అనుకోలేదు.

ఆవిడ లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చారు. తను చాలా ఏళ్లుగా సాయం చేస్తున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరాలు, ముగ్గుల బొమ్మలు, ఫొటోలు. ఉత్తరాలకు స్పానిష్ అనువాదం జత చేసి ఉంది. పైన మాత్రం గుండ్రటి చేతిరాతలో తెలుగు. ఆవిడ ఒక ఉత్తరం నాన్న చేతికిచ్చి, ఆ అక్షరాలు తనెప్పుడూ విన్లేదని, చదివి వినిపించమని అడిగారు.

నాన్న కళ్లజోడు తెచ్చుకున్నారు. చెనిక్కాయ పంట ఈసారి బాగా వచ్చిందని, వానలు పడ్డాయని, చెరువులో నీళ్లున్నాయని, తనకు లెక్కల్లో మంచి మార్కులొచ్చాయని ఆ పిల్ల రాసింది. నాన్న మెల్లగా, బడిపంతులులా, ఒక్కో మాటా విడదీసి చదివారు. ఆవిడ స్పానిష్ కాగితం మీద వేలు పెట్టుకుని వింటూ కూర్చున్నారు. అయిపోయాక ఇంకోటి ఇచ్చారు. అలా డబ్బా అడుగు దాకా చదివేసరికి రాత్రి పన్నెండైంది.